వయసుకు మించిన ఎముక

సోన్‌కూల్ మేత మైదానం,
జూన్ 9

చెల్లి కెంజేకి,

నువ్వు పంపిన టీ, సబ్బులు, చేయి వాచకుండా వేసుకునే బిగుతు తొడుగు అన్నీ అందాయి. తొడుగు మరీ బిగుతుగా ఉందని విప్పి పక్కన పెట్టాను, తిట్టకు.

అసలు సంగతికి వస్తాను. మొన్న మీ బావ పిండి కోసం, ఫోన్ పలికే కోచ్‌కోర్ ఊళ్ళోకి దిగినప్పుడు నీకు ఫోన్ చేశాడట కదా. తిరిగి వచ్చి, నా వైపు వీపు పెట్టి గుర్రానికి జీను పట్టీ బిగిస్తూ, నీకు రేడియేషన్ పెట్టాలంటున్నారు, బిష్కెక్ వెళ్ళాలి అన్నాడు. ఎందుకని అడిగితే, నాకేం తెలుసు డాక్టర్లు అన్నారు అంటూ గుర్రమెక్కి పోయాడు. ఎక్కడికి పోయాడో ఆ గుర్రానికైనా తెలుసో లేదో. చీకటి పడ్డాక వచ్చి పడుకున్నాడు.

డిసెంబరులో మీరంతా నాకేం చెప్పారు? గడ్డ ఒక్కటే ఉంది, రొమ్ముతో సహా తీసేశారు, ఇక ఏమీ లేదు అన్నారు. తర్వాత మందు ఎక్కించారు. జుట్టు ఊడింది, వాంతులయ్యాయి, పోనీలే అనుకున్నాను. ఇప్పుడు మళ్ళీ ఈ కొత్త సంగతేమిటి? తీసేసిన చోట ఏం మిగిలిందని కాలుస్తారు? ఖాళీ కొట్టానికి కాపలా దేనికి?

నా పక్క మంచంలో తలాస్ నుంచి వచ్చిన గుల్‌సున్ గుర్తుందా, ముక్కుతో నవ్వేది. అదే వారం, అదే ఆపరేషన్, అదే డాక్టరు. ఆమెకి రేడియేషన్ అక్కర్లేదన్నారట. మే నెలలో ఫోన్ చేసి తనే చెప్పింది. ఆమెకి అక్కర్లేనిది నాకెందుకు?

ఇంకో మాట. మీ బావ మంచివాడైపోయాడు. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళలో వాగు నుంచి ఒక్క బిందె మోసి ఎరుగని మనిషి, ఇప్పుడు నేను లేవకముందే నీళ్ళు తెచ్చి పెడుతున్నాడు. ఉప్పు ఎక్కువైనా తింటున్నాడు. నాకు భయం వేస్తోంది.

నాన్న పోయేటప్పటికి నీకు ఊహ సరిగ్గా తెలియదు. నాకు తెలుసు. యురేనియం గనిలో పదకొండేళ్ళు పని చేసి, చివరికి గిన్నెలో రక్తం ఉమ్ముతూ పోయాడు. ఆ జాతి వస్తువునే నా ఛాతీ మీద పెట్టించుకోమంటున్నావు. ఎందుకో చెప్పు. ఉత్తరం మన పులిసిన గుర్రప్పాలు, కుమిస్, తీసుకెళ్ళే లారీ డ్రైవర్‌కి ఇవ్వు, గురువారం గురువారం వస్తాడు.

మీ అక్క
బురుల్


బిష్కెక్,
జూన్ 14

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. బావ నీళ్ళు మోస్తే కూడా అనుమానమేనా? అతనికి వయసొచ్చింది, బుద్ధి కూడా వచ్చి ఉంటుంది. నువ్వు ఊరికే బుర్ర పాడు చేసుకోకు.

రేడియేషన్ అంటే ఏమీ లేదు, ముందు జాగ్రత్త. ఆపరేషన్ అయినవాళ్ళందరికీ పెడతారు. గుల్‌సున్ ఏం విన్నదో ఏం చెప్పిందో, ఆమె మాటలు పట్టుకుంటావా? శని ఆదివారాలు తప్ప రోజూ వెళ్ళాలి, ఐదు వారాలు. ఒక్కోసారి కొన్ని నిమిషాలే, నొప్పి కూడా ఉండదట. మా ఇంట్లో ఉండు, కిటికీ పక్క మంచం నీదే. మా కిండర్‌గార్టెన్ వంటిల్లు జూలైలో మరమ్మతులకి మూసేస్తున్నారు, కాబట్టి నాకూ సెలవే. రోజూ నేనే తీసుకెళ్తాను. బజారులో ఆప్రికాట్లు దిగాయి, ఇస్సిక్‌కూల్ సరస్సు ఎండు చేపలు కూడా వచ్చాయి, నీకిష్టం కదా. పక్కింటి వాళ్ళు కొత్త టీవీ కొన్నారు, సాయంత్రం సీరియల్‌కి మమ్మల్ని పిలుస్తున్నారు. బాల్కనీకి రంగు వేయించాను.

ఇంకా ఒకటి. నీ అక్షరాలు ఈసారి ఎడమ వైపుకి వాలాయి. ఏ చేత్తో రాస్తున్నావు? ఆపరేషన్ అయిన వైపు చేయి వాచిందా? ఆ చేత్తో గుర్రాల పాలు పితుకుతున్నావా? నిజం చెప్పు.

కెంజే


సోన్‌కూల్,
జూన్ 22

కెంజే,

నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు పొడుగ్గా రాస్తావు. పక్కింటి టీవీ, బాల్కనీ రంగు నేనడిగానా? చిన్నప్పుడు మీగడ గిన్నె ఖాళీ చేసినప్పుడు కూడా ఇలాగే వీధిలో కుక్క గురించి, మబ్బుల గురించి చెప్పేదానివి.

అందరికీ పెడతారన్నావు. గుల్‌సున్ అందరిలో లేదా? ఆ కిటికీ పక్క ముసలమ్మ, రోజంతా ఉన్ని వడికేది, ఆమెకీ పెట్టలేదే. ఇంటికెళ్ళి బాగా తిను, కొండ గాలి పీల్చు అని పంపేశారు. నేను ఆవిడ అదృష్టం చూసి కుళ్ళుకున్నాను. మరి ఆ గదిలో నేనొక్కదాన్నే అందరినా?

ఆపరేషన్ అయ్యాక డాక్టరు నిన్నూ మీ బావనీ వరండాలో పక్కకి పిలిచి మాట్లాడింది, నేను తలుపు సందులోంచి చూశాను. నన్ను పిలవలేదు, మన దగ్గర రోగిని ఎవరు పిలుస్తారు గనక. మీ బావ టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. నువ్వు గోడ వైపు తిరిగావు. లోపలికి వచ్చాక ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ నవ్వు నాకు అప్పుడే నచ్చలేదు. ఆ వరండాలో ఏమన్నదో అది చెప్పు, ఆప్రికాట్లు తర్వాత.

చేయి బాగానే ఉంది. ముప్ఫై ఆడగుర్రాలున్నాయి, పొద్దున్నుంచి రెండేసి గంటలకోసారి పితకాలి. నేను కాకపోతే ఎవరు పితుకుతారు, మీ బావా? మందలు దిగే సెప్టెంబరు దాకా నేను కదలను. అప్పుడు చూద్దాం.

బురుల్


బిష్కెక్,
జూన్ 28

అక్కా,

సెప్టెంబరు కుదరదు. నీకు ఆఖరి మందు ఎక్కించింది మే మొదట్లో. గాయం మానాక, మందులు అయ్యాక, ఆలస్యం చేయకుండా మొదలు పెట్టాలని రేడియేషన్ డాక్టరు రైసా పావ్లోవ్నా నాకు రెండుసార్లు చెప్పింది. ఆలస్యం అయ్యేకొద్దీ దాని పని తగ్గిపోతుందట. నీకు కేటాయించిన చోటు జూలై పదో తారీఖు దాకా ఉంచుతానంది. ఆ తర్వాత వేరేవాళ్ళకి ఇస్తుంది, మళ్ళీ వరుసలో నిలబడాలి.

వరండాలో ఏమీ అనలేదు. డబ్బుల గురించి, మందుల గురించి మాట్లాడాం. నువ్వు ప్రతిదానికీ గూఢచారిలా తలుపు సందులు చూడకు.

నీ మాట మీద నాకు నమ్మకం లేదు. చేయి ఫోటో తీయించి పంపు. వచ్చే గురువారం లారీలో నువ్వు దిగకపోతే నేను చేయాల్సింది చేస్తాను.

కెంజే


సోన్‌కూల్,
జూలై 3

చెల్లీ,

నువ్వు చేయాల్సింది చేశావు. నాకు అర్థమైంది. ఇక నిన్ను ఏమీ అడగను.

నిన్న మధ్యాహ్నం దారి గట్టు మీద రెండు కార్లు కనిపించాయి. ముందు కారులోంచి మన పెద్ద మామయ్య దిగాడు, తర్వాత అన్న జోల్చు, తర్వాత ఉల్జాన్ అత్త. వెనక కారులో వదినా, వాళ్ళ ఇద్దరు కోడళ్ళూ. ఎవరూ నవ్వుకుంటూ దిగలేదు. ఎవరి చేతిలోనూ పిల్లలు లేరు.

మన మనుషులు అలా ఒక్కసారిగా, చెప్పకుండా, పెద్దవాళ్ళతో కలిసి ఎందుకు వస్తారో నీకు తెలుసు, నాకూ తెలుసు. నాన్న పోయినప్పుడు అమ్మ దగ్గరికి అలాగే వచ్చారు. పట్నంలో పోయాడని తెలిసి కూడా రెండు రోజులు దాచి, పెద్దవాళ్ళంతా కూడాక, తెల్లారగట్ల వచ్చి చుట్టూ కూర్చుని చెప్పారు. నిన్న వాళ్ళని చూడగానే పాల చెంబు కింద పెట్టి ముందు నా పిల్లల పేర్లు అనుకున్నాను. పెద్దవాడు సైన్యంలో ఉన్నాడు. వాడికేమైందో అనుకుని మామయ్య చొక్కా పట్టుకున్నాను. వాడు బాగున్నాడు తల్లీ, అందరూ బాగున్నారు, ఊరికే చూసిపోదామని వచ్చాం అన్నాడు. అందరూ బాగుంటే మరి బాగాలేనిది ఎవరు? అప్పుడు అర్థమైంది, వాళ్ళు నా సంగతి నాకే చెప్పడానికి వచ్చారని.

మీ బావ గొర్రెని కోశాడు. సాయంత్రం మాంసం పళ్ళెం వచ్చింది. వయసు ప్రకారం ఎముకలు పంచుతున్నారు. తోక దగ్గరి పెద్ద ఎముక ఉల్జాన్ అత్తకి పెట్టారు, ఆడవాళ్ళలో ఆమే పెద్ద, అది ఆమెదే. అత్త దాన్ని తీసి నా ముందు పెట్టింది. నలభై తొమ్మిదేళ్ళదాన్ని. డెబ్భై దాటిన మనిషి తన ఎముక తీసి నాకు పెట్టి, తిను తల్లీ, తిను అంటూ కళ్ళు తుడుచుకుంది. ఆ పళ్ళెం చుట్టూ ఒక్కరూ తల ఎత్తలేదు. వయసుకు మించిన ఎముక ఎవరికి పెడతారు కెంజే, ఆ వయసు దాకా రాదని తెలిసినవాళ్ళకే కదా.

మిగతా వేళంతా గడ్డి గురించి, వర్షాల గురించి మాట్లాడారు. వెళ్ళేటప్పుడు జోల్చు ఒక్కడే నేల చూస్తూ, చెల్లెలా, పట్నం వెళ్ళి ఆ కరెంటు ఏదో పెట్టించుకో అన్నాడు. అది నా కోసం చెప్పినట్టు లేదు, తన మనసు కుదుట పడాలని చెప్పినట్టుంది.

కాబట్టి నేను రాను. పోయేదాన్ని కాల్చడం దేనికి? గడ్డి పచ్చగా ఉంది, పూలు విచ్చాయి, పిల్ల గుర్రాలు గంతులేస్తున్నాయి. నేను ఇక్కడే ఉంటాను. నా వెండి చెవిపోగులు నీ కూతురికి. కొత్త ఉన్ని తివాచీ నాకు రాబోయే పెద్ద కోడలికి, పెద్దవాడికి ఇంకా పెళ్ళి కాకపోయినా దాని కోసమే నేశాను. మీ బావని మళ్ళీ పెళ్ళి చేసుకోమని చెప్పు, కానీ వంట వచ్చినదాన్ని చూసుకోమను, లేకపోతే మూడు రోజులకే చిక్కిపోతాడు.

నీ మీద కోపం లేదు. బాధ మాత్రం ఉంది. చివరికి ఒకసారి నువ్వే చెప్తావని అనుకున్నాను, కార్లు పంపావు.

అక్క


బిష్కెక్,
జూలై 5

అక్కా, అక్కా,

లారీ రోజు దాకా ఆగలేక కోచ్‌కోర్ వెళ్ళే టాక్సీ వాడికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. అక్కడి నుంచి ఎవరినైనా గుర్రం మీద పంపమని జోల్చుకి ఫోన్ చేస్తాను. ఒక్కడినే.

నువ్వు చచ్చిపోవడం లేదు. ముందు అది చదువు, మళ్ళీ చదువు, తర్వాత మిగతాది.

కార్లలో వాళ్ళని పంపింది నేనే. నువ్వు నా మాట వినవని, మామయ్య మాట వింటావని పంపాను. అందరూ కలిసి వెళ్తే నీకెలా కనిపిస్తుందో నాకు తట్టలేదు. మన ఇంట్లో పుట్టి పెరిగి కూడా తట్టలేదు. ఇంత బుద్ధిలేనిదాన్ని నేను. నీకు చెప్పే ధైర్యం వాళ్ళకీ లేకపోయింది, నాకు లేనట్టే. అత్త ఎముక పెట్టింది నువ్వు చిక్కిపోయావని. ఆమె కంటికి చిక్కిన ప్రతివాళ్ళూ చావబోతున్నవాళ్ళే, నన్ను చూసి కూడా ఏడుస్తుంది.

ఇప్పుడు వరండాలో ఏమన్నారో చెప్తాను. గడ్డ నీకు చెప్పినంత చిన్నది కాదు, కోడిగుడ్డంత ఉంది. రొమ్ముతో పాటు చంకలోని గ్రంథులు కూడా తీసి అద్దాల కింద చూశారు. వాటిలో నాలుగింటికి పాకింది. అది నీకు చెప్పలేదు. చెప్తే మనసు విరిగి మంచం దిగవని డాక్టరే అంది, బావా సరేనన్నాడు, నేనూ సరేనన్నాను. మన దగ్గర అందరూ చేసేదే చేశాం. మంచి చేస్తున్నామనే అనుకున్నాం.

అందుకే రేడియేషన్. రైసా పావ్లోవ్నాని కూర్చోబెట్టి నాకు అర్థమయ్యే దాకా అడిగాను. కంటికి కనిపించేదంతా కత్తితో తీసేశారు. రక్తంలో తిరిగేదాని కోసం మందు ఎక్కించారు. కానీ గ్రంథుల దాకా పాకిందంటే, ఛాతీ గోడ మీద, మెడ ఎముక పైన, కంటికి కనిపించనంత చిన్నది ఎక్కడైనా నక్కి ఉండొచ్చు. ఉందని కాదు, ఉండొచ్చు. అది మళ్ళీ అక్కడే మొలకెత్తకుండా చేయడానికి ఇది. కొట్టం ఖాళీయే అక్కా, కానీ ఎలుక వచ్చిన కొట్టం.

గుల్‌సున్ సంగతి అడిగావు. ఆమె గడ్డ గోరంత, గ్రంథులన్నీ శుభ్రం, ఆమెకి నిజంగానే అక్కర్లేదు. ఒకటి రెండు గ్రంథులకి పాకితే డాక్టర్లే కూర్చుని తర్జనభర్జన పడతారట, పెట్టాలా వద్దా అని. నాలుగు అయితే ఇక తర్జనభర్జన ఉండదట, పెట్టాల్సిందే.

కిటికీ పక్క ముసలమ్మ సంగతి కూడా చెప్పేస్తాను, దాచడం ఇక నా వల్ల కాదు. ఆమెకి కాలేయం దాకా వెళ్ళిపోయింది. ఛాతీ కాల్చి లాభం లేదని ఇంటికి పంపారు. ఫిబ్రవరిలో పోయింది. నువ్వు ఆమె అదృష్టానికి కుళ్ళుకున్నావు. అక్కా, రేడియేషన్ పెట్టనివాళ్ళు రెండు రకాలు, అక్కర్లేనివాళ్ళు, ఉపయోగం లేనివాళ్ళు. నిన్ను రమ్మంటున్నారంటే నువ్వు ఆ రెండిట్లోనూ లేవు. నువ్వు బతుకుతావని లెక్కేసుకున్నారు కాబట్టే పిలుస్తున్నారు. లేకపోతే నీకూ కొండ గాలి పీల్చమనే చెప్పి ఉండేవాళ్ళు.

నాన్న గురించి కూడా అడిగాను. నాన్న ఆ దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చాడు, ఊపిరితిత్తుల్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు, ఎంత పీల్చాడో ఎవరూ కొలవలేదు. ఇది ఎంతో, ఎక్కడో, ఎన్ని రోజులో ముందే కొలుస్తారు. యంత్రం ఆపగానే ఆగిపోతుంది, నీతో ఇంటికి రాదు. చర్మం ఎండకి కమిలినట్టు నల్లబడుతుంది, నీరసం ఉంటుంది, చేయి వాపు పెరగొచ్చు. ఊపిరితిత్తికీ కొంచెం తగలొచ్చు, అది కూడా చెప్పింది. ఏదీ దాచకుండా రాస్తున్నాను.

ఇక గుర్రాల సంగతి. గురువారం లారీలో నేను వస్తున్నాను. నాకు ముప్ఫై గుర్రాలూ నువ్వు పితికినట్టు పితకడం రాదు, పదిహేనేళ్ళయింది పితికి. అయినా వస్తున్నాను. నువ్వు అదే లారీలో దిగు. ఇంటి తాళం లారీ దగ్గర నీ చేతికిస్తాను, పొయ్యి వెలిగించడం నా కూతురు చూపిస్తుంది.

ఒకవేళ నేను వచ్చేసరికి నువ్వు దిగనంటే, గుర్రాలన్నిటినీ విప్పేసి కొండల్లోకి తోలేస్తాను. చేస్తానని నీకు తెలుసు.

కెంజే


సోన్‌కూల్,
జూలై 31

అక్కా,

ఇక్కడ అంతా బాగుంది, అంటే చేతులు వాచాయి, నడుము పోయింది, బావ నన్ను చూసి రోజూ నవ్వుతున్నాడు. నిన్న మచ్చల గుర్రం తన్నితే పాలన్నీ నా ఒంటి మీదే పోసుకున్నాను. పట్నం మరదలు పాలతో స్నానం చేస్తోందని మైదానమంతా చెప్పుకున్నాడు. నేను ఊరుకోలేదులే. నీళ్ళు మోయడం మానేశాడని నీకు రాస్తానని బెదిరించాను, మళ్ళీ మోస్తున్నాడు. నువ్వు దిగిన రోజు లారీ కనుమరుగయ్యే దాకా గట్టు మీద నిలబడి, తర్వాత గుర్రం వెనక ముఖం దాచుకున్నాడు. అది నీకు చెప్పొద్దన్నాడు. చెప్తున్నాను.

మూడు వారాలైంది. నువ్వు రాసిన రెండు ఉత్తరాల్లోనూ ఒకటే వాక్యం, అంతా బాగానే ఉంది అని. మిగతాదంతా మా పక్కింటి సీరియల్ కథ. ఆ సీరియల్‌లో ఎవరు ఎవరిని లేవదీసుకుపోయారో నాకెందుకు? పొడుగ్గా రాస్తున్నావేమిటి? రైసా పావ్లోవ్నా ఏమంది? చర్మం ఎలా ఉంది? ఏదైనా దాస్తున్నావా?

కెంజే


బిష్కెక్,
ఆగస్టు 6

చెల్లీ,

తలుపు బయట నిలబడితే ఎలా ఉంటుందో తెలిసిందా?

మొదటి రోజు ఛాతీ మీద సిరాతో గీతలు గీశారు, మన గొర్రెలకి రంగు వేసినట్టు. ఇక ఏ మందలో కలిసినా నన్ను పోల్చుకోవచ్చు. గీతలు చెరిపేయకూడదని స్నానం సగమే చేస్తున్నాను. చర్మం ఎర్రబడి, ఇప్పుడు చంక దగ్గర నల్లబడింది. మధ్యాహ్నానికి ఒళ్ళు బరువెక్కి పడుకుంటున్నాను. తొడుగు వేసుకుంటున్నాను. వేసుకోకపోతే నీ కూతురు తిడుతుంది, నోరు అచ్చంగా నీదే.

రైసా పావ్లోవ్నా మొదటి రోజే కాగితాలు చూసి, తల ఎత్తి, మీతో ఎవరొచ్చారు, చుట్టాలెవరైనా బయట ఉన్నారా అని అడిగింది. నాకు నేనే చుట్టాన్ని, చెప్పండి అన్నాను. ఆమె లేచి తలుపు వేసి వచ్చి కూర్చుంది. అన్నీ అడిగాను. అన్నీ చెప్పింది.

నాలుగు కాదట కెంజే. ఏడు.

నాకు మొదట కోపం వచ్చింది. ఇంటికొచ్చి నీ బాల్కనీలో కూర్చుని, కొత్త రంగు గోకుతూ ఏడ్చాను కూడా. అక్కడ కొంచెం రంగు ఊడింది, చూసుకో. తర్వాత నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. ఏదీ దాచకుండా రాస్తున్నాను అని ఎంత ధైర్యంగా రాశావు. ఒకటి రెండు అని రాస్తే నేను రానని తెలుసు. ఏడు అని రాస్తే పారిపోతానని తెలుసు. పెట్టాల్సిందే అనే అంకె ఎక్కడ మొదలవుతుందో కనుక్కుని సరిగ్గా అక్కడ ఆపావు. కిండర్‌గార్టెన్ వంటమనిషివి, ఉప్పు కొలిచినట్టు కొలిచావు. అది అర్థమయ్యాక ఏడుస్తూనే నవ్వాను. నువ్వు ఆ నాలుగు రాయకపోతే నేనీ వేళ ఇక్కడ ఉండేదాన్ని కాదు.

ఇంకా వారం పైనే ఉంది. అది అయ్యాక ఏమిటి, ఎంత ఆశ పెట్టుకోవచ్చు అని కూడా అడిగాను. చెప్పింది. విన్నాను. విన్నాక లేచి బజారుకెళ్ళి ఆప్రికాట్లు కొనుక్కుని దారిలోనే తినేశాను. మంచం దిగనని మీరంతా భయపడ్డారు కదా.

నువ్వు దిగి వచ్చాక చెప్తాను. ఎంత చెప్పాలో అప్పుడు నీ ముఖం చూసి కొలుచుకుంటాను.

అక్క